ఎటువైపు నుంచి ఒకటి

ఆ షెడ్డు మేస్త్రిని అందరూ అయిదు నిమిషాల మేస్త్రి అంటారు. గేరుబాక్సు దించాలన్నా, హెడ్‌లైటు బల్బు మార్చాలన్నా అతని నోట ఒకటే మాట: "అయిదు నిమిషాల్లో అయిపోతుంది." బల్బు విషయంలో మాత్రం ఎప్పుడూ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. ప్రస్తుతం అతని చేతిలో ఉన్న అయిదు నిమిషాలకు ఇది పంతొమ్మిదో రోజు.

ఆ పని ట్యాంకర్ పిన్ని లారీది. పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. ఇరవై రెండేళ్ళుగా కొండ మీది కాలనీకి నీళ్ళు తోలుతోంది. ఆ కాలనీకి కుళాయిలు లేవు, ఆమె తెస్తేనే నీళ్ళు. లారీ ఇంజను పాతకాలంది. ఆరు సిలిండర్లూ బడిపిల్లల్లా ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అలాంటివి ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు. ఈ నెల రెండో తారీఖున నిండు ట్యాంకుతో కొండ ఎక్కుతుంటే నాలుగో పిస్టను రాడ్డు ఊడిపోయి, సిలిండర్లుండే బ్లాకు పక్కగోడ బద్దలుకొట్టుకుని బయటికొచ్చింది. పిడికిలి పట్టేంత కన్నం. నూనంతా రోడ్డు పాలు.

కాలనీ వాళ్ళు మంచివాళ్ళే. కానీ నీళ్ళు లేకుండా ఎన్నాళ్ళుంటారు? "నెలాఖరు దాకా ఎలాగో సర్దుకుంటాం పిన్నీ. ఒకటో తారీఖు నుంచి వేరే బండికి మాటిచ్చేస్తాం, ఏమీ అనుకోకు" అన్నారు. పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. తండ్రి ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుంది, మరో పని తెలీదు. ఆ కాలనీ చెయ్యి జారితే ఆమె బతుకు రోడ్డున పడ్డట్టే.

ఇంజను ఎందుకు పోయిందో మేస్త్రికి తెలుసు. అతనొక్కడికే తెలుసు. రాడ్డును క్రాంకుకు, అంటే అడుగున తిరిగే ఇరుసుకు, పట్టి ఉంచే బోల్టుల కింద పల్చటి రేకు ఒకటి ఉంటుంది. బోల్టు బిగించాక ఆ రేకు అంచు పైకి మడిచి బోల్టు తలకు ఆనించాలి. అప్పుడిక ఇంజను ఎంత అదిరినా బోల్టు వదులు కాదు. కిందటేడు బేరింగులు మార్చినప్పుడు మేస్త్రి అయిదు రాడ్లకు ఆ రేకులు మడిచాడు. మిగిలిన నాలుగోదాని దగ్గర ఎవరో పిలిచారు, లేచి వెళ్ళాడు, తిరిగొచ్చి ఇంజను అడుగున నూనె నిలిచే సంపు మూసేశాడు. బద్దలైన ఇంజను విప్పిన రోజున ఆ రేకు అతని చేతికి దొరికింది. ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

"ఏమైంది నాయనా?" అని అడిగింది పిన్ని.

"పాతబడిపోయింది పిన్నీ. ఇనుముకు మాత్రం వయసు రాదా?"

నాలుక దానంతటదే ఆ మాట అనేసింది. అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యం చాలలేదు. రేకును తుక్కు డబ్బాలోకి విసిరేసి, "నువ్వు దిగులు పడకు. పాత సామాన్లు వెతికి తెచ్చి ఇంజను నేను కట్టిస్తా. కూలి మాట ఎత్తొద్దు" అన్నాడు.

అది తప్పు చేసినవాడి ఉదారత అని పిన్నికేం తెలుసు? మర్నాటి నుంచీ పొద్దున్నే షెడ్డుకు రావడం, గుమ్మంలోనే మొదలుపెట్టడం: "నువ్వూ నీ పిల్లలూ చల్లగా ఉండాలి నాయనా. ఈ రోజుల్లో సొంతవాళ్ళు కూడా ఇంత చెయ్యరు." టీ తాగుతూ ఒక దీవెన, వెళ్ళేటప్పుడు ఒక దీవెన. పక్క కొట్ల వాళ్ళకు కూడా చెప్పి వెళ్ళేది. మేస్త్రికి ఒళ్ళంతా ముళ్ళు గుచ్చినట్టుండేది. ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండు అనుకునేవాడు.

సామాన్ల కోసం ఊళ్ళో పాత ఇనుప కొట్లన్నీ తిరిగాడు. క్రాంకు కాలిపోయిన బస్సులోంచి వచ్చింది. రాడ్లు కంకర మిల్లులో మూలపడ్డ ఇంజనువి. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు పిన్ని బండిదే, అది అదృష్టం కొద్దీ బతికి బయటపడింది. అన్నిటికంటే కష్టమైంది బ్లాకు. ఆఖరి కొట్లో గోడవార, మూడు పాత ఇనప తలుపుల కింద ఒకే ఒక్కటి కనిపించింది. దాని సిలిండర్ల మధ్య ఒక పిల్లి నాలుగు పిల్లలతో కాపురం పెట్టింది. కొట్టు యజమాని పిల్లి సంసారాన్ని అట్టపెట్టెలోకి మార్పించాకే బ్లాకు మీద చెయ్యి వెయ్యనిచ్చాడు.

కడగడానికే వారం పట్టింది. నూనె బంకై, బంక రాయై, ఇనుమెక్కడో మురికెక్కడో తెలియకుండా ఉంది. మేస్త్రి గీకుడు కత్తితో గీకాడు, తీగ బ్రష్షుతో రుద్దాడు, కిరసనాయిలు పోసి కడిగాడు, మళ్ళీ గీకాడు. నీళ్ళు తిరిగే దారుల్లోంచి తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. పిన్ని ఊరికే కూర్చోలేదు. పీట లాక్కుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, డబ్బాడు బోల్టులు ముందేసుకుని పాత టూత్‌బ్రష్షుతో ఒక్కొక్కటే తోమింది. తోమిన వాటిని కాగితం మీద పొడుగు వారీగా పేర్చింది.

"ఇరవై రెండేళ్ళు దీని వీపెక్కి తిరిగాను కానీ, కడుపులో ఏముందో ఎప్పుడూ చూళ్ళేదు నాయనా" అంది.

బ్లాకు శుభ్రపడ్డాక అసలు రంగు బయటపడింది. ఎక్కడా పగులు లేదు. క్రాంకును కిందినుంచి పట్టి ఉంచే ఇనప క్యాపులు ఏడూ దాంతోపాటే ఉన్నాయి. ఈ క్యాపులతో ఒక చిక్కుంది. బ్లాకుకు బిగించి ఉండగానే కంపెనీలో వాటి లోపలి గుండ్రాన్ని తొలుస్తారు కాబట్టి ఏ క్యాపు చోటు దానిదే. రెండు చివళ్ళవీ ఆకారంలో వేరు, చూడగానే తెలిసిపోతాయి. మధ్యలోవి అయిదూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎవరో ముందుచూపున్నవాడు ఆ అయిదింటికీ పంచుతో చుక్కలు కొట్టి ఉంచాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. చొక్కా బొత్తాల్లా తిన్నగా, సమానమైన ఎడంతో ఉన్నాయి చుక్కలు. "ఎవడోగానీ పుణ్యాత్ముడు" అనుకున్నాడు మేస్త్రి.

కొత్త బేరింగులు పరిచి, నూనె రాసి, క్రాంకు దించాడు. ముందరి ఫ్యాను వైపు నుంచి ఒక చుక్కది, రెండు చుక్కలది అంటూ వరసగా క్యాపులు పెట్టి బిగించాడు. బిగించి తిప్పాడు. క్రాంకు కదల్లేదు. పానాకు గొట్టం తగిలించి బలం వేశాడు. ఊహూఁ. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. రాయిలా పట్టేసింది. అది పంతొమ్మిదో రోజు సంగతి.

వీధి చివర లేతు నడిపే పెద్దాయన వచ్చి చూశాడు. క్రాంకుకు సాన పట్టింది ఆయనే. కొలిచి, "నా క్రాంకు తిన్నగానే ఉంది. వంగింది నీ బ్లాకే. తలుపుల బరువు కింద ఎన్నేళ్ళుందో ఏమో. దీన్ని సరిచేసే మిషను ఇక్కడెక్కడా లేదు. ఇనుముకు వేసేయ్" అన్నాడు.

"ఇలాంటిది ఇంకోటి దొరకదండీ."

"అయితే మీ బావనడుగు. కింది పని ఆయనది. నీకు తెలిసిందల్లా పైపైనే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ షెడ్డు మొదట ఇద్దరిది, మేస్త్రిదీ అతని అక్క మొగుడిదీ. ఇంజను పై సగం మేస్త్రి చూసేవాడు, కింది సగం బావ. ఒకరి సగంలో ఇంకొకరు వేలు పెట్టేవారు కాదు. బావను రేపు మేస్త్రి అనేవారు, "రేపొకసారి మళ్ళీ చూసి ఇస్తాను" అనకుండా ఏ బండినీ పంపడు కాబట్టి. మూడేళ్ళ కిందట ఒక లారీ యజమాని ముందు మేస్త్రి నోరు జారాడు. "నువ్వు ఒక్క బోల్టు బిగించేలోపు మిగతా బండి తుప్పు పట్టిపోతుంది బావా!" ఆ యజమాని పగలబడి నవ్వాడు. బావ పానా కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం కూడా నిదానంగానే వెళ్ళాడు. వెనక్కి పిలవడానికి మేస్త్రికి బోలెడంత సమయం దొరికింది. పిలవలేదు.

ఇప్పుడు బావ ఇంటి ముందుగదిలో కుట్టు మిషన్లు బాగుచేసుకుంటున్నాడు. మధ్యాహ్నం మేస్త్రి వెళ్ళి తలుపు కొడితే అక్క తీసింది. ఎగాదిగా చూసింది.

"దారి తప్పావా, లేక మూడేళ్ళకు ఆకలేసిందా?"

"బావతో పనుంది అక్కా."

"పనుంటే గానీ రావని తెలుసులే" అని పక్కకు తప్పుకుంది.

బావ ఒక మిషను బొజ్జ విప్పి చిన్న బ్రష్షుతో దారపు పోగులు ఏరుతున్నాడు. తలెత్తి, "కూర్చో బామ్మర్దీ" అన్నాడు, నిన్ననే కలిసినట్టు. మేస్త్రి కూర్చోకుండానే సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. బావ విన్నాడు. ఇంకో పోగు తీశాడు.

"మధ్యలో క్యాపు ఒక్కటీ, చివళ్ళు రెండూ బిగిస్తే తిరుగుతోందా?"

"చూళ్ళేదు."

"చూసిరా."

మేస్త్రి షెడ్డుకు పరిగెత్తాడు. చివళ్ళు రెండూ, మూడు చుక్కలదీ బిగించి తిప్పాడు. క్రాంకు రెండు వేళ్ళకే వెన్నలా తిరిగింది. మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. అక్క ఈసారి తలుపు వెయ్యకుండా ఉంచింది.

"తిరుగుతోంది బావా!"

"బ్లాకు వంగితే ముందు పట్టేసేది మధ్యలోనే కదా. అంటే నీ బ్లాకు వంగలేదు. నువ్వు వరస తిరగేసి పెట్టావు. మూడోది ఎటు నుంచి లెక్కపెట్టినా మూడోదే, అందుకే అదొక్కటీ బాగుంది." బావ బ్రష్షు పక్కన పెట్టాడు. "ఆ చుక్కలు తిన్నగా ఉన్నాయా, ఎడం సమానంగా?"

"చొక్కా బొత్తాల్లా ఉన్నాయి."

"అయితే నావే. ఎప్పుడో మనం కట్టిన ఇంజనే అది. నేను వెనక ఫ్లైవీలు వైపు నుంచి లెక్కపెట్టేవాణ్ణి."

"ప్రపంచమంతా ఫ్యాను వైపు నుంచి లెక్కపెడితే నువ్వెందుకు బావా అటు నుంచి?"

"షెడ్డులో కిటికీ అటేగా ఉంది. వెలుతురు ఎటుంటే నేనటు కూర్చునేవాణ్ణి. నేను కూర్చున్న చోటే ఒకటి." ఆగి, "పదేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. నువ్వొక్కసారి కిందికి వంగి చూసుంటే తెలిసేది" అన్నాడు.

మేస్త్రి అప్పుడు కూర్చున్నాడు. బావ తన మీద గెలిచినట్టు మొహం పెట్టలేదు, దెప్పలేదు. పోయిందనుకున్న ఇంజనును కుర్చీలోంచి లేవకుండా బతికించి, మళ్ళీ పోగులు ఏరుకుంటున్నాడు.

"బావా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట? నాకు గుర్తులేదు. మీ అక్కకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. వెళ్ళి ఆవిడకు చెప్పుకో."

లోపలికి వెళ్ళి చెప్పుకున్నాడు. అక్క అంతా విని, మూడేళ్ళ బాకీ ఒకేసారి తిట్టి, కళ్ళు తుడుచుకుని, "రేపట్నుంచి ఆయన టిఫిన్ డబ్బా నువ్వే తీసుకెళ్ళు, మోకాలి నొప్పి" అంది. అంటే పంపిస్తానని అర్థం. ఆ డబ్బా తనకు అప్పగించినందుకు మేస్త్రికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

మర్నాడు బావ వచ్చాడు. కిటికీ వైపు పీట వేసుకుని క్యాపులన్నీ అటు నుంచి పేర్చాడు. క్రాంకు తిరిగింది. చూసిన లేతు పెద్దాయన, "బ్లాకు వంగిందన్నదెవడు?" అన్నాడు, ఆ అన్నది తను కానట్టు. పిస్టన్లు ఎక్కాయి. రాడ్ల బోల్టులు బావ ఒక్కొక్కటే బిగించి, ఒక్కొక్క రేకూ మడిచి, మడిచినచోట తెల్ల రంగు చుక్క పెట్టాడు. పన్నెండు బోల్టులకు ఒక పూట. మేస్త్రి పక్కనే గొంతుక్కూర్చుని, నోరు మూసుకుని చూశాడు. ఆ పదేళ్ళూ ఈ చేతులు తన వెనక ఉండబట్టే తన తొందర చెల్లుబాటైందని ఆ పూట అతనికి అర్థమైంది.

వాషరు కోసం బావ తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టాడు. చదును రేకు బయటికొచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మేస్త్రిని చూశాడు.

"ఆవిడకు చెప్పావా?"

"లేదు. బండి కదలనీ బావా."

"అయిదు నిమిషాల పనేగా" అని మళ్ళీ వాషరు వెతుక్కున్నాడు బావ.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున ఇంజను లారీలో కూర్చుంది. పిన్ని సీటెక్కి తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది, రెండోసారి తెల్లటి పొగ కక్కింది, మూడోసారి ఆరూ ఒక్క గొంతుతో అందుకున్నాయి. కాసేపటికి పొగ పల్చబడింది. చప్పుడులో ఎక్కడా తొట్రుపాటు లేదు. లేతు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పిన్ని దిగి మేస్త్రి చేతులు రెండూ పట్టుకుంది.

"నా బతుకు నిలబెట్టావు నాయనా. నువ్వు నూరేళ్ళు..."

"ఆపు పిన్నీ" అన్నాడు మేస్త్రి. "నీ ఇంజను పాతబడి పోలేదు. కిందటేడు నేను ఒక రేకు మడవడం మరిచిపోయాను. నా వల్లే పోయింది. ఆ రోజే తెలుసు నాకు. అబద్ధం చెప్పాను."

పిన్ని చేతులు వదిలేసింది. క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి ఇంజను ఆపింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది.

పిన్ని లారీ మెట్టు మీద కూలబడింది. "ఆ రోజు నేను గీత దాటి నింపాను" అంది మెల్లగా. "ట్యాంకులో ఎర్రగీత ఉంటుంది, అంతకు మించి నింపకూడదని. కాలనీలో పై వీధికి రెండ్రోజులుగా నీళ్ళందలేదు. పాపం, ముసలమ్మలు, పసిపిల్లలు. ఇంకో యాభై బిందెలు పడితే ఏం పోయిందిలే అని పైదాకా నింపాను. ఇంజను పేలగానే, నా చేతులారా నేనే చంపుకున్నాననుకున్నా. ఇన్ని రోజులూ కంటి మీద కునుకు లేదు. పై వీధి వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక ముందు మీకు చుక్క ఎక్కువ పొయ్యనమ్మా అని ఏ నోటితో చెప్పను?"

మేస్త్రి తన అబద్ధం ఒక ఇంజను ఖరీదు చేసేదనుకున్నాడు, ఆ ఇంజను కట్టిస్తే చెల్లుకు చెల్లనుకున్నాడు. తను దించుకున్న బరువు వెళ్ళి ఈవిడ నెత్తిన కూర్చుందని ఒక్కరోజూ ఊహించలేదు.

పిన్ని లేచింది. ఇక చూడాలి. ఆవిడ నోటికి క్లచ్చూ లేదు, బ్రేకూ లేదు. కొండ దారిలో ఎదురొచ్చే బండ్లకు దాచిపెట్టిన తిట్లన్నీ ఒక్కడికే ధారపోసింది. "ఇరవై ఏడు రోజులు! పొద్దున్నొకటి, సాయంత్రమొకటి! నేనిచ్చిన దీవెనలన్నీ లెక్కపెట్టి వెనక్కిచ్చెయ్!" అంది చివరికి. లేతు పెద్దాయనకు నవ్వాగక దగ్గు తెచ్చుకున్నాడు.

"ఇస్తాను పిన్నీ" అన్నాడు మేస్త్రి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా అతనికి ఒళ్ళు తేలికైంది. కోరుకున్న తిట్లు ఇన్నాళ్ళకు దొరికాయి.

"సంపు విప్పు. అన్ని రేకులూ నా కళ్ళతో నేను చూడాలి."

బావ నూనె పట్టడానికి శుభ్రమైన బక్కెట్టు తెచ్చాడు. సంపు దింపారు. పిన్ని గోనె పరుచుకుని లారీ కింద వెల్లకిలా పడుకుని, టార్చి వేసి, పన్నెండు బోల్టులూ వేలితో తడిమి చూసింది. బయటికొచ్చి బావ వైపు తిరిగి, "నువ్వు చల్లగా ఉండు నాయనా" అంది. మేస్త్రికి చెప్పలేదు.

సంపు మళ్ళీ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. పిన్ని సీటెక్కి, పక్క తలుపు లోపలి నుంచి తోసింది.

"ఎక్కు."

"ఎక్కడికి పిన్నీ?"

"పై వీధికి. ఇన్నాళ్ళు నీళ్ళెందుకు రాలేదో, నేను ఫోనెందుకు ఎత్తలేదో నువ్వే చెప్పాలి. నేను చెబితే నమ్మరు."

పంపు హౌసు దగ్గర ఆమె ట్యాంకు నింపింది. గీత దాటాక కూడా గొట్టం తియ్యలేదు. నీళ్ళు మూతి అంచు మీంచి పొంగాక తీసింది. కొండ దారి మొదలవగానే ఇంజను గొంతు లావైంది. వంపు దగ్గర, అప్పుడు ఇంజను పోయిన చోట, ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బండి అదే ఊపున ఎక్కేసింది. పిన్ని దారి మీంచి చూపు తిప్పలేదు. కానీ ఎండ అతని మొహాన కొడుతుంటే చెయ్యి చాపి అతని వైపు అద్దం మీది ఎండ రెక్క కిందికి దించింది. ఇంత జరిగాక కూడా ఈవిడ తనను పక్కన కూర్చోబెట్టుకుంది. చెప్పుకునే అవకాశం ఇచ్చింది. ఈ మేలు జన్మలో మరిచిపోకూడదనుకున్నాడు మేస్త్రి.

పై వీధిలో హారన్ వినగానే తలుపులు తెరుచుకున్నాయి. బిందెలూ బక్కెట్లూ పట్టుకుని జనం పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందొచ్చిన ముసలావిడ పిన్నిని చూసి మొహం తిప్పుకుంది. పిన్ని ట్యాంకు కుళాయి మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు. మేస్త్రి దిగాడు. గొంతు సవరించుకుని, నిదానంగా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.